ఎవరి సంస్కారం చెల్లుతుంది?

దుమ్ముగూడెం వైపు సి.ఎస్.ఐ. సంఘానికి చెందిన కోయ ఇంట్లో బిడ్డ పుడితే నెలల వయసులోనే నుదుటి మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. శ్రీకాకుళం, పర్లాకిమిడి కొండల్లో బాప్టిస్టు సవర ఇంట్లో పుట్టిన బిడ్డకు అలా ఇవ్వరు. ఊహ వచ్చి, తన విశ్వాసం తన నోటితో చెప్పుకున్నాకే వాగులోనో చెరువులోనో నిండా ముంచి ఇస్తారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీకి చెందిన ఎరుకల ఇంట్లో పుడితే చిన్నప్పుడూ లేదు, పెద్దయ్యాకా లేదు. ఆదిలాబాద్‌లో సీరో మలబార్ కథోలికుల గుడికి వెళితే బాప్తిస్మంతో పాటు మరో ఆరు కలిపి సంస్కారాలు ఏడు. అందరూ క్రైస్తవులే. చదివే సువార్తలు ఆ నాలుగే.

ఈ లెక్కలను మనవాళ్లు కూర్చుని చర్చించి ఎంచుకున్నవి కావు. 1860ల మొదట్లో గోదావరి మీద పడవల దారి పనులు చూస్తున్న హేగ్ అనే ఇంజనీరు చొరవతో చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లు దుమ్ముగూడెం వచ్చారు. వాళ్లది ఆంగ్లికన్ సంఘం కాబట్టి కోయలకు ఆంగ్లికన్ పద్ధతి వచ్చింది. కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో దిగి ఉత్తరానికి సాగారు కాబట్టి సవరలకు ముంచే పద్ధతి వచ్చింది. ఆదిలాబాద్ సీరో మలబార్ మేత్రాసనం 1999లో ఏర్పడింది. పాత ప్రొటెస్టెంటు మిషన్లు ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకూడదని తమలో తాము హద్దులు మాట్లాడుకున్నాయి. అలా ఏ గూడెం ఏ గీతకు ఇవతల ఉంటే ఆ గూడేనికి ఆ గీత లోపలి సంస్కారాలు దక్కాయి.

నేను ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసేటప్పుడు మేనత్త మేనమామ పిల్లలిద్దరు ఈ విషయం మీదే దెబ్బలాడుకున్నారు. ఒకడిది చిలకరింపు, ఇంకొకడిది ముంపు. 'నీది చెల్లదు' అంటే 'నీదే చెల్లదు' అన్నారు. చెల్లదు అనేది మనం చిరిగిన నోటుకు వాడే మాట. అది దేవుడి పేరున జరిగిన పనికి ఎలా అంటుకుందో చూడాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

మొదటి శతాబ్దాల్లో సంస్కారాలు ఎన్ని అన్న ప్రశ్నే లేదు. కొత్త నిబంధన గ్రీకు భాషలో 'మిస్టేరియోన్' అనే మాట ఉంది, మర్మం అని అర్థం. లాటిన్‌లోకి వచ్చేసరికి అనేక చోట్ల దాన్ని 'సాక్రమెంటుం' అన్నారు. రోము సైనికుడు కొలువులో చేరేటప్పుడు చేసే ప్రమాణానికి కూడా అదే పేరు. ఇంగ్లీషులో సాక్రమెంట్ అనేది అక్కడి నుంచి వచ్చిందే. అయిదో శతాబ్దపు అగస్టీన్ ఈ మాటను ఎంతో విశాలంగా వాడాడు. ఆయన దృష్టిలో విశ్వాస ప్రమాణమూ, ప్రభువు నేర్పిన ప్రార్థనా కూడా ఆ కోవలోవే. పన్నెండో శతాబ్దంలో పారిస్‌లో హ్యూ అనే సన్యాసి లెక్కపెడితే ముప్పై దాకా తేలాయి. విభూదీ, పవిత్ర జలమూ అందులో చేరాయి.

ఏడు అన్న లెక్కను గట్టిపరచింది పీటర్ లంబార్డ్. ఆయన 1150ల్లో పారిస్‌లో రాసిన 'వాక్యాలు' అనే గ్రంథం యూరప్ విద్యాలయాల్లో కొన్ని వందల ఏళ్లు పాఠ్యపుస్తకం. మనలో పాఠం చెప్పేవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పాఠ్యపుస్తకంలో ఏడు అని అచ్చయితే రెండు తరాల తర్వాత అది ఏడే. 1274లో లియోన్ సభ, 1439లో ఫ్లోరెన్స్ సభ ఆ లెక్కనే అధికారికం చేశాయి. తెలుగు కథోలికుల మాటల్లో అవి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం, జ్ఞానవివాహం. ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అనేదాన్ని కథోలికులు జ్ఞానస్నానం అంటారు. ఒకరి దివ్యసత్ప్రసాదం ఇంకొకరికి ప్రభురాత్రి భోజనం, మరొకరికి ప్రభువు బల్ల, బ్రదరన్ వాళ్లకు రొట్టె విరుచుట. ఒకే ఊళ్లో మనిషి ఏ మాట వాడాడో వింటే ఏ గుడికి వెళతాడో చెప్పేయొచ్చు.

తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు కూడా ఏడు అనే అంటాయి గానీ ఆ అంకె మీద అంత పట్టుదల లేదు. వాళ్లకు అవి ఇప్పటికీ మర్మాలే. సన్యాస దీక్షనూ, అంత్యక్రియలనూ అందులో చేర్చి చెప్పిన పెద్దలున్నారు. పడమటి కథోలికులు పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చి, నూనె అభ్యంగనానికి మాత్రం పిల్లవాడు ఎదిగేదాకా ఆగుతారు. ఆర్థడాక్స్ వాళ్లు నీళ్లూ నూనే ఒకేసారి ఇచ్చి, ఆ పసిబిడ్డ నోటికే సత్ప్రసాదం కూడా అందిస్తారు.

ఇక 1520. మార్టిన్ లూథర్ అంతకు పదేళ్ల ముందు అదే లంబార్డ్ పుస్తకాన్ని పాఠంగా చెప్పినవాడు. ఆ ఏడాది 'సంఘపు బబులోను చెర' అనే పుస్తకం రాసి ఏడింటినీ ఒక్కొక్కటే పరీక్షకు పెట్టాడు. ఆయన అడిగింది రెండే ప్రశ్నలు. దీన్ని క్రీస్తే స్వయంగా నియమించాడా? దీనికి కంటికి కనిపించే గుర్తు ఏదైనా ఉందా? పుస్తకం మొదట్లో మూడు మిగిలాయి. చివరికి వచ్చేసరికి పాపపు ఒప్పుకోలుకు నీళ్లూ రొట్టె లాంటి గుర్తు లేదని దాన్నీ తీసేసి రెండన్నాడు. వివాహం విషయంలో తప్పు అనువాదంలో ఉందన్నాడు. పౌలు మర్మం అన్నచోట లాటిన్ బైబిల్లో సాక్రమెంటుం అని పడడంతో పెళ్లి సంస్కారమైపోయిందని ఆయన వాదన. ఒక అనువాదకుడు ఎంచుకున్న మాట వెయ్యేళ్లపాటు జనం పెళ్లిళ్ల మీద పనిచేయడం నాకు ఈ చరిత్ర మొత్తంలో ఎక్కువ ఆశ్చర్యం కలిగించిన సంగతి.

లూథర్‌కు జవాబుగా 1521లో ఏడు సంస్కారాలనూ సమర్థిస్తూ పుస్తకం రాసినవాడు ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ. పోపు మెచ్చి 'విశ్వాస రక్షకుడు' అని బిరుదిచ్చాడు. కొన్నేళ్లకే హెన్రీ పోపును కాదని సంఘానికి తానే పెద్ద అయ్యాడు, బిరుదు మాత్రం వదల్లేదు. ఇంగ్లండు రాజులకు అది నేటికీ ఉంది. ఆయన తర్వాత ఇంగ్లండు సంఘం తన 39 సూత్రాల్లో ఇరవై అయిదోదానిలో మధ్యేమార్గం పట్టింది. సువార్తలో క్రీస్తు నియమించిన సంస్కారాలు రెండు, మిగతా అయిదూ వాడుకలో అలా పిలవబడేవి అంది. కోయ గూడేలకు వచ్చింది ఈ లెక్కే. కథోలికులు 1547లో ట్రెంట్ సభలో ఏడుకు ఎక్కువన్నా తక్కువన్నా ఒప్పుకోబోమని తీర్మానించారు.

రెండన్నవాళ్లు తమలో తాము కలిశారా అంటే అదీ లేదు. 1529లో మార్బుర్గ్ కోటలో లూథర్, జూరిక్ నుంచి వచ్చిన జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. పదిహేను అంశాల్లో పద్నాలుగు ఒప్పుకున్నారు. మిగిలింది రొట్టె సంగతి. 'ఇది నా శరీరం' అన్న మాటను లూథర్ బల్ల మీద సుద్దతో లాటిన్‌లో రాసి పెట్టుకున్నాడు. ఉంది అంటే ఉన్నట్టే అని ఆయన, సూచిస్తోంది అని జ్వింగ్లీ. ఒక్క క్రియాపదం దగ్గర రెండు సంఘాలు విడిపోయాయి. ఇప్పటికీ గుంటూరు లూథరన్ గుడిలో రొట్టె తీసుకునేవారికి క్రీస్తు శరీరం నిజంగా అందులో ఉందని బోధిస్తారు. ఒంగోలు బాప్టిస్టు గుడిలో అది జ్ఞాపకార్థమని చెబుతారు. రెండు ఊళ్ల మధ్య బస్సు ప్రయాణం కొద్ది గంటలు.

ఆ రొట్టె, ద్రాక్షారసం గురించి మనవైపు నుంచి ఒక మాట. కథోలిక చట్టం ప్రకారం రొట్టె గోధుమదే, రసం ద్రాక్షదే అయి ఉండాలి. మన కొండల్లో గోధుమా పండదు, ద్రాక్షా పండదు. జొన్న, సామ, కొర్ర, ఇప్పపువ్వు ఉన్నాయి గానీ వాటికి ఆ బల్ల మీద చోటు లేదు. గిన్నె గురించి యూరప్‌లో యుద్ధాలే జరిగాయి. మామూలు జనానికి రొట్టె మాత్రమే, గిన్నె గురువుకే అని 1415లో కాన్‌స్టన్స్ సభ తేల్చింది. అదే సభ బొహీమియా బోధకుడు యాన్ హుస్‌ను కాల్పించింది. ఆయన అనుచరులు గిన్నె బొమ్మను జెండాగా ఎత్తుకుని ఏళ్ల తరబడి పోరాడారు. తర్వాతి కాలంలో మద్యనిషేధం పట్టిన ప్రొటెస్టెంట్లకు ఇంకో చిక్కు వచ్చింది. వెల్చ్ అనే అమెరికా మెథడిస్టు పళ్ల వైద్యుడు 1869లో ద్రాక్షరసం పులియకుండా నిలవచేసే పద్ధతి కనిపెట్టి దాన్ని తీర్చాడు. మన గుళ్లలో చిన్న గ్లాసుల్లో ఇచ్చే తీపిరసం వెనక ఆ కథ ఉంది.

అన్నిటికంటే నెత్తురు ఎక్కువ చిందింది నీళ్ల దగ్గరే. 1525 జనవరిలో జూరిక్‌లో కొందరు యువకులు, పసితనంలో మాకు జరిగింది బాప్తిస్మం కాదు అని ఒకరికొకరు మళ్లీ ఇచ్చుకున్నారు. అప్పట్లో బాప్తిస్మపు పుస్తకమే పౌరుల లెక్క. బిడ్డకు బాప్తిస్మం వద్దనడం గుడినే కాదు, ఊరినీ ప్రభుత్వాన్నీ కాదనడం కింద లెక్క. జూరిక్ పాలకులు కూడా సంస్కరణవాదులే. అయినా వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న చేతులు కట్టి లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. నీళ్లు అడిగినవాడికి నీళ్లతోనే శిక్ష. 1529లో జర్మనీ సామ్రాజ్య సభ మళ్లీ బాప్తిస్మం పొందినవారికి మరణశిక్ష అని చట్టమే చేసింది. ఈ పని చేసినవారంతా కూడా అది దేవుడి పక్షమే అనుకున్నారు.

తర్వాత ఇంగ్లండులో, అమెరికాలో పెరిగిన బాప్టిస్టులు విశ్వాసం చెప్పగలిగినవాడికే, అదీ ముంచే ఇవ్వాలన్నారు. చాలామంది బాప్టిస్టులు సంస్కారం అనే మాటే ఇష్టపడరు. కట్టడ అంటారు. అంటే ఆ నీళ్లు ఏమీ చేయవు, ప్రభువు చెప్పాడు కాబట్టి లోపల జరిగినదానికి సాక్ష్యంగా చేస్తాం అని. బెంగాలీ బైబిల్లో బాప్తిస్మం అన్నచోట ముంచడం అనే అర్థమిచ్చే మాట పెట్టారని అమెరికన్ బైబిల్ సొసైటీ 1836లో డబ్బు నిరాకరించింది. బాప్టిస్టులు వేరుపడి సొంత సొసైటీ పెట్టుకున్నారు. మన తెలుగు బైబిల్లో గ్రీకు మాటనే బాప్తిస్మం అని ఉంచేయడంతో ముంచేవారికీ చిలకరించేవారికీ అదే పుస్తకం సరిపోయింది.

1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి ముంచి బాప్తిస్మం ఇచ్చారు. అప్పటికి ధాత కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వించే పని తీసుకుని జనానికి కూలి చూపించాడు. కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆ పనులు సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ రోజు నీళ్లలో నిలబడింది ఆయన కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున దిగి, అలిసినప్పుడు వంతులు మారారు. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు. దీని తర్వాత అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. పెంతెకొస్తు దినాన యెరూషలేములో మూడువేల మందిని ముంచడం అసాధ్యం, చిలకరించే ఉంటారు అని ఇతరులు వాదించేవారు. బాప్టిస్టు వేదాంతులు గుండ్లకమ్మను సాక్ష్యంగా చూపించడం మొదలుపెట్టారు. కరువులో ఎండిన మన జనం అక్కడి పుస్తకాల్లో ఒక వాదనకు లెక్కగా మిగిలారు.

ప్రభువు ఆజ్ఞాపించినవే సంస్కారాలు అన్నవాళ్లను నేను అడగాలనుకునే ప్రశ్న ఒకటుంది. యోహాను సువార్త పదమూడో అధ్యాయంలో యేసు శిష్యుల కాళ్లు కడిగి మీరూ ఇలాగే చేయాలన్నాడు. గుర్తు ఉంది, ఆజ్ఞా ఉంది. అయినా దాన్ని క్రమంగా పాటించేది ఏడో దిన అడ్వెంటిస్టులు, కొందరు మెనోనైట్లు లాంటి కొద్దిమందే. ఇంటికొచ్చిన చుట్టానికి ముందు కాళ్లకు నీళ్లిచ్చే మన గూడేల్లో ఈ ఒక్కటి చెప్పకుండానే అర్థమయ్యేది.

అసలేమీ వద్దన్నవాళ్లూ ఉన్నారు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో క్వేకర్లు నీళ్లూ రొట్టె రెండూ వదిలేసి మౌనంగా కూర్చున్నారు. సాల్వేషన్ ఆర్మీ మొదట పాటించి 1883లో మానేసింది. విలియం బూత్ చెప్పిన కారణాలు మన పెద్దమనుషుల మాటల్లా సూటిగా ఉంటాయి. రక్షణకు ఇవి తప్పనిసరి కావు, వీటి గురించి క్రైస్తవులు కొట్టుకుంటున్నారు, మనకెందుకు అని. తాగుడు మానినవాడి పెదవికి మళ్లీ ద్రాక్షామద్యం తగలడం, స్త్రీలు సంస్కారం ఇస్తే ఇతరులు ఒప్పుకోకపోవడం కూడా ఆ చర్చలో ఉన్నాయి. బదులుగా జెండా కింద ప్రమాణం పెట్టారు. సాక్రమెంటుం అంటే సైనికుడి ప్రమాణం అని పైన చెప్పాను కదా, తెలియకుండానే మొదటి అర్థానికి చేరుకున్నారు.

ఈ సాల్వేషన్ ఆర్మీకే 1910ల్లో మద్రాసు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద స్టూవర్టుపురం సెటిల్‌మెంటును అప్పగించింది. అక్కడి ఎరుకలకు బాప్తిస్మం లేదు, బల్ల లేదు. హాజరు మాత్రం ఉంది. పేరు పిలిస్తే పలకాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. ఆచారాలు మనిషిని బంధిస్తాయని వాటిని వదిలేసిన సంఘం చేతిలోనే హాజరు పుస్తకం ఉండడం చరిత్రలో చిన్న సంగతి కాదు.

మళ్లీ పిల్లల మాటకు వస్తే, చెల్లదు అన్న తగువు నాలుగో శతాబ్దంలోనే ఒకసారి తీరింది. ఉత్తర ఆఫ్రికాలో రోము ప్రభుత్వ హింసకు భయపడి పవిత్ర గ్రంథాలను అప్పగించిన గురువులు కొందరున్నారు. అలాంటివారి చేతి బాప్తిస్మం చెల్లదని డొనాటిస్టులు అన్నారు. 314లో ఆర్ల్ సభ, తర్వాత అగస్టీన్, ఇచ్చే చెయ్యి మంచిదా చెడ్డదా అన్నది కాదు, త్రిత్వ నామంలో జరిగితే చాలు, మళ్లీ ఇవ్వకూడదు అన్నారు. అందుకే కథోలిక సంఘం లూథరన్, సి.ఎస్.ఐ. బాప్తిస్మాలను ఒప్పుకుంటుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మంత్రసాని ఇచ్చినా, చివరికి క్రైస్తవుడు కానివాడు సంఘం ఉద్దేశించినట్టు ఇచ్చినా చెల్లుతుంది. ఇంత ఉదారంగా ఉన్న నియమం మాట దగ్గర మాత్రం కఠినం. 'నేను నీకు బాప్తిస్మమిస్తున్నాను' అనడానికి బదులు 'మేము' అంటే చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ ప్రకటించింది. మేము, మనము అని రెండు మాటలున్న తెలుగువాళ్లం ఇంకో ప్రశ్న వేయగలం. జర్మనీలో 2007లో మాగ్దెబుర్గ్‌లో పదకొండు సంఘాలు ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు గుర్తిస్తున్నామని సంతకాలు చేశాయి. బాప్టిస్టులు చేయలేదు. వాళ్ల లెక్కలో పసిబిడ్డకు జరిగింది బాప్తిస్మమే కాదు కాబట్టి 'మళ్లీ' అన్న ప్రశ్నే లేదు. మా వైపు ఈమధ్య పెరిగిన పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలదీ అదే దారి. వారిలో చేరిన సి.ఎస్.ఐ. కుటుంబం మళ్లీ వాగులో దిగుతుంది.

బల్ల దగ్గరికొస్తే ఇచ్చే చెయ్యి ఇప్పటికీ అడ్డమే. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యత మాటలు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ముగిశాయి. మధ్యలో గడిచిన ఇరవై ఎనిమిదేళ్లలో ఎక్కువ భాగం, బిషప్ చెయ్యి పెట్టని బోధకుడు ఇచ్చే రొట్టె చెల్లుతుందా అన్నదాని చుట్టూనే తిరిగాయి. ఆ ఐక్యత కోసం మొదటి నుంచీ పాటుపడిన దోర్నకల్ బిషప్ అజరయ్య 1945లోనే చనిపోయాడు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది 1947లో చేరకుండా విడిగా ఉండిపోయారు. వారు సి.ఎస్.ఐ.లోకి వచ్చింది 1975లో. ఊళ్లో పక్కపక్క ఇళ్లవాళ్లు ఇరవై ఎనిమిదేళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోలేదు.

చివరగా పెళ్లి. మన గూడేలకు అన్నిటికంటే దగ్గరగా తగిలేది ఇదే. లూథర్ దాన్ని లోకవ్యవహారం అన్నాడు, కాబట్టి ప్రొటెస్టెంట్లకు పెళ్లి పవిత్రమే గానీ సంస్కారం కాదు. పడమటి కథోలిక బోధలో పెళ్లి సంస్కారాన్ని ఇచ్చేది గురువు కాదు, వధూవరులే ఒకరికొకరు ఇచ్చుకుంటారు. తూర్పు సంఘాల్లో గురువు ఆశీర్వాదం లేనిదే లేదు. కథోలిక చట్టంలో ఇంకో సంగతి ఉంది. బాప్తిస్మం లేని ఇద్దరు తమ కులాచారం ప్రకారం చేసుకున్న పెళ్లి నిజమైన పెళ్లే. తర్వాత ఇద్దరూ బాప్తిస్మం పొందితే మళ్లీ ఏ తంతూ లేకుండా ఆ పాత పెళ్లే సంస్కారమవుతుంది. అంటే గూడెం పెద్దల ముందు, డోలు మోతలో జరిగిన పెళ్లిని ఏడు సంస్కారాల సంఘం కొట్టెయ్యదు.

కొన్నేళ్ల కిందట మా పక్క గూడెంలో ఒక స్వతంత్ర సంఘం వాళ్లు ఒక ముసలి జంటకు మళ్లీ పెళ్లి చేశారు. మనవలున్న మనుషులు. వాగులో బాప్తిస్మమైన మరుసటి ఆదివారం దండలు వేయించి, ఇన్నాళ్లూ మీరున్నది పెళ్లి కింద లెక్కకు రాదని చెప్పారు. ముసలాయన నవ్వి ఊరుకున్నాడు. ఆమె మాత్రం దండ తీసేసి, తన పెళ్లికి డోలు కొట్టినవాళ్ల పేర్లు, ఆ రోజు వచ్చిన చుట్టాల ఊళ్ల పేర్లు వరసగా చెప్పడం మొదలుపెట్టింది. అందులో సగం మంది ఇప్పుడు లేరు. పాస్టరుగారు భోజనాలకు లేవమనేదాకా ఆమె ఆపలేదు.